దగ్గరి రాయి, దూరపు గట్టు

వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసిన ఫోటోలో స్పష్టత ముందుగా రెండు చోట్ల దెబ్బతింటుంది: కెమెరాకు అతి దగ్గరగా ఉన్న నేల, ఫ్రేములోని నాలుగు మూలలు. నడిమి భాగం దాదాపు ఎప్పుడూ బాగానే వస్తుంది. భద్రాచలం స్నానఘట్టంలో నిలబడి 24 మి.మీ. లెన్స్‌ను గోదావరి వైపు తిప్పితే కాళ్ల దగ్గరి మెట్టు, మధ్యలో నీరు, వంతెన, అవతలి సారపాక గట్టు అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఈ లెన్స్ ఒక మూల నుంచి ఎదుటి మూలకు 84 డిగ్రీల మేర చూస్తుంది. ఇంత వెడల్పున చూసే లెన్స్‌లో ఫోకస్ గురించి పట్టించుకోనక్కర్లేదని చాలామంది నమ్ముతారు. ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా ఈ నమ్మకం వల్లే.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ప్రతి లెన్స్‌కూ, ప్రతి అపర్చర్‌కూ ఒక హైపర్‌ఫోకల్ దూరం ఉంటుంది. అక్కడ ఫోకస్ పెడితే అందులో సగం దూరం నుంచి అనంతం దాకా అన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. 24 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/8 దగ్గర ఆ దూరం 2.4 మీటర్లు. అంటే 1.2 మీటర్ల దూరంలోని మెట్టు మొదలు అవతలి గట్టు దాకా అన్నీ స్పష్టమే. అయితే ఈ లెక్క ఫిల్మ్ కాలానిది. 0.03 మి.మీ. వెడల్పున్న మసక మచ్చ కూడా చిన్న ప్రింటులో కంటికి చుక్కగానే కనిపిస్తుందన్నది దీనికి పునాది. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద ఆ మచ్చ ఐదు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుంటుంది. ఫోటోను కంప్యూటర్‌లో పూర్తి సైజులో తెరిస్తే సారపాక వైపు చెట్ల ఆకులు కలగలిసిపోయి ఉంటాయి. అందుకే మచ్చను సగానికి తగ్గించి లెక్కవేయడం మేలు. అప్పుడు ఎఫ్/11 దగ్గర 3.5 మీటర్ల దూరంలో ఫోకస్ పెట్టాలి. స్పష్టత సుమారు 1.75 మీటర్ల నుంచి మొదలవుతుంది.

కెనడాకు చెందిన హెరాల్డ్ మెర్‌క్లింగర్ 1990ల తొలినాళ్లలో దీన్ని మరో వైపు నుంచి చూశాడు. ఫోకస్‌ను అనంతంలో పెడితే, అపర్చర్ రంధ్రం కన్నా పెద్దదైన ప్రతి వస్తువూ ఎంత దగ్గరున్నా ఆనవాలు పడుతుందని చూపించాడు. ఎఫ్/8 దగ్గర 24 మి.మీ. నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) 8తో భాగిస్తే రంధ్రం వెడల్పు 3 మి.మీ. వస్తుంది. వేసవిలో గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఫోకస్ దూరాన ఉన్నా గులకరాళ్లు, పడవ తాడు, తిన్నెపై గాలి గీసిన చాళ్లు నిలుస్తాయి. ఇసుక రేణువులు మాత్రం కలిసిపోతాయి. నది దృశ్యాలకు ఇదే సరైన ఎంపిక. ముందున్న ఇసుక కాస్త మెత్తబడితే కన్ను సర్దుకుంటుంది, దూరాన గుట్ట మీది గోపురం అలుక్కుపోతే ఒప్పుకోదు. పర్ణశాలలో ఒక రాయినే దగ్గరగా చూపాలంటే లెక్క తిరగబడుతుంది. ఫోకస్ రాయి మీదే ఉండాలి, వెనక అడవి కొంత మెత్తబడినా నష్టం లేదు. రెండూ కావాలంటే ట్రైపాడ్ మీద రెండు మూడు ఫోకస్‌లతో తీసి కలపవచ్చు. కిన్నెరసాని ఒడ్డున గాలికి వెదురు ఊగుతుంటే ఆ పద్ధతి పనికిరాదు.

స్పష్టత కోసం అపర్చర్‌ను ఎఫ్/22 దాకా మూసేయడం తరచూ జరిగే పొరపాటు. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ కాంతి వివర్తనం పెరుగుతుంది. ఎఫ్/22 దగ్గర ఒక్క కాంతి బిందువు సుమారు 30 మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది. దాంతో ఫ్రేమంతా ఒకేలా మెత్తబడుతుంది. చాలా వైడ్ లెన్స్‌లకు ఎఫ్/8, ఎఫ్/11 మధ్యే మంచి చోటు.

మూలల సంగతి వేరు. లెన్స్ ఫోకస్ తలం చదునుగా కాక వంగి ఉండవచ్చు, రంగులు అంచుల్లో విడిపోవచ్చు. వరద రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. అలాంటి రోజు తీసిన ఫోటో రేపటికి సాక్ష్యం. నీటిమట్టం స్కేలును ఫ్రేము మూలకు నెడితే అంకెలు సాగి, అంచులు చీలి చదవడానికి రావు. స్కేలును మధ్యకు దగ్గరగా ఉంచి నది వెడల్పును చుట్టూ రానివ్వాలి. ఫోన్‌తో తీసేవారు మరింత జాగ్రత్తపడాలి. చాలా ఫోన్లలోని అల్ట్రావైడ్ కెమెరాకు ఫోకస్ మార్చే వీలే ఉండదు, మూలలూ బలహీనం. అంకెల కోసం మెయిన్ కెమెరాతో ఇంకో ఫోటో తీయాల్సిందే.

నాభ్యంతరం 24 అయితే సెకనులో 30వ వంతు షట్టర్ స్పీడ్ చాలన్న పాత సూత్రం చేతి వణుకుకే వర్తిస్తుంది, ఎదుటి కదలికకు కాదు. నడిచే మనిషికి 250వ వంతు కావాలి. 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన లాంటి చోట్ల లారీల అదురు ట్రైపాడ్‌కూ అందుతుంది. అక్కడ కెమెరాను చేత్తో పట్టుకుని 500వ వంతులో తీయడం నయం.

అన్నిటికన్నా కఠిన పరీక్ష వైకుంఠ ఏకాదశి ముందు సాయంత్రం జరిగే తెప్పోత్సవం. చీకటి, కదిలే హంస వాహనం, వందల దీపాలు. అపర్చర్‌ను ఎఫ్/2.8కి తెరవక తప్పదు. తెప్ప 30 మీటర్ల దూరంలో ఉంటే 24 మి.మీ. లెన్స్‌లో పాత లెక్క ప్రకారమే స్పష్టత 5.6 మీటర్ల నుంచి మొదలవుతుంది. ముందు వరుస భక్తుల తలలు మసకే. కాబట్టి వారిని నీడలుగానే ఉంచి, దీపకాంతి పడిన తెప్ప మీద ఫోకస్ పెట్టాలి. షట్టర్ 125వ వంతుకు తగ్గకూడదు. అందుకు ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకుదనాన్ని భరించవచ్చు, కదిలి చెరిగిన దీపాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. పూర్తిగా తెరిచిన లెన్స్‌లో మూలల్లోని దీపాలకు రెక్కలు మొలుస్తాయి, అందుకని దీపాల వరుసను మూలలకు పోనివ్వకూడదు.

కొన్నిసార్లు తప్పు లెన్స్‌ది కాదు. ఎండాకాలం ఇసుక వేడెక్కాక పైన గాలి అలలు అలలుగా కదిలి అవతలి గట్టును వణికిస్తుంది. దానికి తెల్లవారుజామే మందు. వానాకాలం ఏసీ గదిలోంచి నేరుగా ఘట్టానికి వస్తే ముందు గాజు మీద తేమ పడుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది, కెమెరాను మూసిన బ్యాగులోనే కొంతసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.