మువ్వగోపాలుడూ, మా కోడెదూడా

ఆమధ్య మొవ్వలో క్షేత్రయ్య గురించి నాలుగు మాటలు మాట్లాడమంటే వెళ్ళాను. వేణుగోపాలస్వామి గుడి వున్న వూళ్ళో, స్వామి పేరు మీద పదాలు చెప్పిన కవిని గురించి మాట్లాడడం అంటే పుట్టింటి సంగతులు మేనమామకి చెప్పినట్టే. అయినా నాకు తెలిసిందంతా ఒలకబోశాను. అష్టవిధ నాయికలన్నాను, విప్రలంభమన్నాను, మధుర భక్తి అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. కిందికి దిగి వస్తుంటే మా బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎనభై దాటిన మనిషి. ముందు వరసలో కూచుని అంతా విన్నాడు.

"బాగానే చెప్పావురా. ఒక్క సంగతి అర్థం కాలేదు. గోపాలుడు గోపాలుడు అంటారు గదా, మీవాడు ఆ పాటల్లో యెక్కడైనా ఒక్క దూడని కట్టేశాడా?"

నవ్వేసి వూరుకున్నాను. పెద్దవాళ్ళ ప్రశ్నలకి అదొక్కటే సులువైన జవాబు. కానీ ఇంటికొచ్చాక ఆ మాట గోమారిలా పట్టుకుంది. పదాల పుస్తకం తీసి మళ్ళీ మొదటినుంచీ చదివాను. సంకేతస్థలాలున్నాయి, సవతులున్నారు, అలకలున్నాయి, తెల్లవారుజామున ముఖం చాటేసుకుని వచ్చే నాయకుడున్నాడు. నేను వెతికినంతలో పేడతట్ట లేదు, పలుపుతాడు లేదు, కుడితి తొట్టి లేదు. పేరు చూస్తే గోపాలుడు, తీరు చూస్తే పట్టణంలో పెద్దమనిషి!

ఇందులో క్షేత్రయ్య ఒక్కడి తప్పేం లేదనుకోండి. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు కౌబాయ్ అంటే యేమిటో మన కుర్రకారుకి తెలిసింది. టోపీ తెలిసింది, గుర్రం తెలిసింది, తుపాకీ తెలిసింది. ఆ మాటకి అర్థం పసులకాపరి అని మాత్రం యెవరికీ పట్టలేదు. అమెరికాలో అసలు కౌబాయ్‌కి యేడాది మొత్తంలో పెద్ద పని దూడల్ని పోగేసి, పడేసి, కాల్చిన ఇనుముతో యజమాని గుర్తు వెయ్యడం. సినిమాకి ఆ పనితో పనిలేదు. కళకి కాపరి కావాలి గానీ కాపు అక్కర్లేదు కాబోలు.

మరి మన పాత పుస్తకాలన్నీ ఇంతేనా అంటే, కాదు. పోతన దశమస్కంధంలో దూడలున్నాయి, చద్ది మూటలున్నాయి. మందలో కలిసిపోయిన రాక్షసదూడని కృష్ణుడు పోల్చి పట్టుకుంటాడు. బ్రహ్మ దూడల్ని దాచేస్తే తనే అన్ని దూడలూ అయి యేడాదిపాటు తల్లుల దగ్గర పాలు తాగుతాడు. ఇంకా పాతకాలానికి పోతే, కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గోవుల అధికారికి ఒక అధ్యాయమే కేటాయించి, పుట్టిన నెలా రెండు నెలల్లో దూడకి గుర్తు వెయ్యాలన్నాడు. పాణిని ఆవుల చెవులకి పెట్టే గుర్తుల్ని వ్యాకరణ సూత్రంలోకి ఎక్కించాడు. అయిదు అంకె, ఎనిమిది అంకె, స్వస్తికం, చిల్లు, చీలిక అంటూ పట్టీ వేశాడు. వ్యాసుడి వనపర్వంలో ఘోషయాత్ర చూడండి. పాండవుల్ని ఎగతాళి చెయ్యడానికి బయల్దేరిన దుర్యోధనుడు పైకి చెప్పిన సాకు ఆవుల లెక్క చూసుకుని దూడలకి గుర్తులు వేయించడం. ఆ తరువాత గంధర్వుల చేతిలో చిక్కి పరువు పోగొట్టుకున్నాడన్నది అందరికీ గుర్తే గానీ, అంతకుముందు లెక్క చూసి దూడలకి అంకెలు వేయించాడన్నది యెవరికీ గుర్తుండదు. యే మాటకామాటే చెప్పుకోవాలి, గోపాలుడు పదాల్లో చెయ్యని పని సుయోధనుడు భారతంలో చేశాడు!

బాబాయి ప్రశ్న ఇక్కడితో తీరిపోవలసింది. తీరలేదు. యెందుకంటే దూడకి గుర్తు వెయ్యడం నేను కళ్ళారా చూశాను. చూడడమేమిటి, దూడ తల పట్టుకున్నది నేనే.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య పోయాడు. మాఘమాసం, కుప్పనూర్పిళ్ళు అయిపోయి పొలాల్లో పిల్లిపెసర పచ్చగా అల్లుకుని వుంది. పదకొండోరోజున తాతయ్య పేర కోడెదూడకి అచ్చుపోసి వదలాలన్నారు. మా ఇంట్లో వున్నది ఒక్క ఆవు, దానికి ఒక్క కోడె. మిగతావి గేదెలు. దాన్ని బుల్లోడని పిలిచేవాళ్ళం.

ఇంట్లో కర్మ వుందని గొడ్లకి తెలియదు గదా. అమ్మ కోడి కూయకముందే లేచి సావిట్లో పేడ తీసింది, గచ్చు కడిగింది, రాత్రి మిగిలిన గడ్డి యేరి అవతల పారేసి కొత్త గడ్డి వేసింది. గంజీ కడుగూ తవుడూ కలిపి కుడితి పెట్టింది. దూడని విప్పి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, ఆవు చేపుకి రాగానే లాగి తల్లి ముందు కట్టడం నా పని. గేదెలు మూడూ అయ్యాక పాలు కాచడం, నిన్నటి పెరుగు చిలకడం, పిడకలు చరచడం. ఈలోగా చుట్టాలు దిగుతున్నారు, వంటవాళ్ళు కట్టెలు తడిశాయంటున్నారు, పురోహితుడుగారు దర్భలెక్కడంటున్నారు. బాబాయి తెల్లారకుండా పొలం పోయి పచ్చిమేత మోపు తెచ్చి పడేశాడు. అప్పుడాయనకి నిండా పాతికేళ్ళుండవు. సాయంత్రం దాకా ఒక్కరూ కూచున్న పాపాన పోలేదు.

మధ్యాహ్నానికి ముందు కమ్మరి వచ్చాడు. పిడకల నిప్పులో రెండు ఇనుములు పెట్టాడు, ఒకటి త్రిశూలం, ఒకటి చక్రం. బుల్లోడికి పసుపు రాసి, కుంకం పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. వాడికది పండగలా వుండి తోక ఆడిస్తున్నాడు. కాళ్ళకి తాడు వేసి నలుగురు ఒక్క లాగు లాగి పడేశారు. "తల గట్టిగా అదిమిపట్టు" అన్నాడు బాబాయి. పట్టాను. మంత్రం వినబడింది, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, వాడు అరిచిన అరుపు నా అరచేతుల్లోంచి పోయింది. రెండోసారి పెట్టినప్పుడు కళ్ళు మూసుకున్నాను. లేచాక అమ్మ వెన్న రాసింది. "ఇంక వీడు మనవాడు కాదు, అందరివాడు" అన్నారు పురోహితుడుగారు. వదిలేశారు.

పొద్దుగూకేవేళకి బుల్లోడు తిరిగి వచ్చాడు! మామూలుగా వచ్చినట్టే వచ్చి తన గుంజ దగ్గర నిలబడ్డాడు. వదిలేశారని వాడికెవరు చెప్పారు? వదిలినదాన్ని మళ్ళీ కట్టకూడదు. బాబాయి కర్ర పుచ్చుకుని వీధిలోకి తోలాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తోలాడు. ఆవు సావిట్లోంచి అరుస్తూనే వుంది. తల్లికి గుర్తులక్కర్లేదు, వాసన చాలు. చీకటి పడ్డాక అమ్మ యెవరూ చూడకుండా వీధి గుమ్మం పక్కన కుండలో కుడితి పెట్టి రావడం నేను చూశాను.

తరువాత రెండేళ్ళపాటు వాడు వూరుమీద తిరిగాడు. ఒకరి పిల్లిపెసర, ఇంకొకరి గడ్డివాము. "అచ్చోసిన ఆంబోతు" అని కేకలు, వెంట కర్రలు. అది తిట్టని అప్పటిదాకా నాకు తెలుసు గానీ, మా ఇంటి దూడ పేరని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం.

క్షేత్రయ్య పదాల్లో పశువుల పని లేదన్నాను. ఒకటుంది. పదాల్లోనే వుంది. కళ్ళెదుట వుండబట్టి ఇన్నేళ్ళూ కనబడలేదు. మువ్వగోపాల ముద్ర! మనం దాన్ని సంతకం అంటాం. సంతకమైతే కవి పేరుండాలి. ఆయన అసలు పేరు వరదయ్య అంటారు, క్షేత్రాలు తిరిగాడు గనక క్షేత్రయ్య అయ్యాడంటారు. ఆ రెండు పేర్లూ ముద్రలో లేవు. తన వూరి గుళ్ళో స్వామి పేరు కాల్చి పదం వీపున అద్ది వదిలేశాడు. అమెరికా రాంచిలో వేసే గుర్తుకి 'ఇది నాది, ముట్టుకోకు' అని అర్థం. దుర్యోధనుడు వేయించిన గుర్తుకీ అదే అర్థం. మా కోడెకి వేసిన అచ్చుకి అర్థం దానికి సరిగ్గా తలకిందులు. ఇది నాది కాదు, అందరిదీ అని. క్షేత్రయ్య ముద్ర ఈ రెండో రకానిదని నా అభిప్రాయం. కవులు కావ్యాన్ని అంకితం ఇస్తారే, ఆ మాటలో వున్నదీ అంకమే, అంటే గుర్తే. ఆ లెక్కన అచ్చు వెయ్యడమన్న మాటని పుస్తకాలవాళ్ళు పుణ్యానికే వాడుకోలేదు.

వదిలిన తరువాత కథ కూడా అచ్చం ఆంబోతుదే. పదిహేడో శతాబ్దంలో ఈ కృష్ణ వొడ్డున పుట్టిన పదం మధుర పోయింది, తంజావూరు పోయి విజయరాఘవ నాయకుడి కొలువులో మేసింది, గోలకొండా చూసింది. ఆయన చెప్పినవి నాలుగు వేల పైచిలుకని ఆయన పదమే ఆధారంగా లెక్క కడతారు. మనకి మిగిలినవి కొన్ని వందలు. తక్కినవి యే మందలో కలిశాయో! కాలం మారి, పెద్దమనుషులు కర్రలు పుచ్చుకుని బూతన్నారు, భోగంవాళ్ళ పాటలన్నారు, పెళ్ళిపందిట్లోంచీ సభలోంచీ తోలేశారు. ఆ రోజుల్లో గుమ్మం పక్కన కుడితి పెట్టినవాళ్ళు యెవరు? మన జిల్లాల్లో కలావంతులు. మద్రాసులో వీణ ధనమ్మాళ్, ఆమె మనవరాళ్ళు బృందా, బాలసరస్వతీ. తెలుగు ఇంటిభాష కాని ఇళ్ళల్లో తెలుగు పదం బతికింది. పండితులు మళ్ళీ వెతకబోయినప్పుడు, ఇది మొవ్వ దూడే అని పోల్చి చెప్పింది ఆ కాల్చిన ముద్రే.

ఇంతవరకూ రాసి నా తెలివికి నేనే మురిసిపోయాను. కానీ ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అచ్చుపోసి వదలడం గొప్ప త్యాగమని అనడం తేలిక, అరుపు దూడది గనక. పదాన్ని కాపాడిన ఆ స్త్రీలూ ఒకప్పుడు గుడికి అంకితమైనవాళ్ళే, లేదా అలాంటివాళ్ళ కడుపున పుట్టినవాళ్ళే. దక్షిణదేశంలో కొన్ని గుళ్ళలో అలా అంకితమైన స్త్రీలకి వంటిమీద ముద్ర వేసిన రోజులున్నాయి. దేవుడి సొత్తన్నారు, అందరిదీ అన్నారు, ఆ తరువాత వీధిలో కనబడితే కర్ర ఎత్తారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం తెచ్చి ఆ అంకితాలు ఆపారు. మంచిపనే. ఆపినవాళ్ళలో చాలామంది, వాళ్ళ నోట్లో పదాన్ని కూడా దానితోపాటే ఆపెయ్యబోయారు. కనక మన విమర్శకులు (నాతో సహా) పదాల్లో నాయిక విరహాన్ని జీవాత్మ పరమాత్మ అని తేల్చేసి చెయ్యి కడుక్కునేముందు, తన ఇల్లు తనదో కాదో తెలియని ఒక మనిషి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నదని కాస్త గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది. అలా చదివితే ఆ అలకలు అలంకారాలుగా వినబడవు. సాయంత్రం తన గుంజ దగ్గరికి తిరిగొచ్చి నిలబడ్డ బుల్లోడు గుర్తొస్తాడు.

మొన్న మళ్ళీ బాబాయి ఇంటికి వెళ్ళి ఈ వ్యాసం చదివి వినిపించాను. సావిట్లో ఇప్పుడు ఒకే గేదె, దానికో పెయ్యదూడ. దూడ చెవికి పచ్చరంగు ప్లాస్టిక్ బిళ్ళ, దానిమీద పన్నెండు అంకెలు. పశువుల ఆస్పత్రివాళ్ళు వేశారట. పాణిని చెవి గుర్తులు మళ్ళీ వచ్చాయని నేను నవ్వితే, "యేదైతేనేం, ఇది ఒక్క చిటికెలో అయిపోయింది, కాల్చలేదు" అన్నాడు.

వ్యాసం అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత దూడ మెడ గోకుతూ మెల్లిగా అన్నాడు.

"అంతా బాగానే వుందిరా. ఆ రాత్రి కుడితి పెట్టింది మీ అమ్మ, నిజమే. మరి పచ్చిమేత వేసిందెవరనుకున్నావు? కర్ర పుచ్చుకున్నవాడే."