250 గ్రాముల గీత: వినోద డ్రోనుల నమోదుపై ఒక విమర్శ

2015 డిసెంబరు 21వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక కొత్త నిబంధన అమలులోనికి వచ్చినది. వినోదమునకై ఎగురవేయు డ్రోన్ 250 గ్రాములకు మించిన బరువు గలదైనచో దాని యజమాని ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అను విమానయాన శాఖవద్ద తన పేరు నమోదు చేయించుకొనవలెను; ఐదు డాలర్ల రుసుము చెల్లించవలెను; శాఖవారిచ్చిన సంఖ్యను యంత్రమునకు గుర్తుగా వేయవలెను. తరువాత ఈ 250 గ్రాముల గీతనే ఐరోపా దేశములును, మన దేశమును తమ నిబంధనలలో చేర్చుకొన్నవి. శాస్త్రపు లెక్కను ఆధారముగా చూపించిన శాసనములు తరచుగా కనిపించవు. కావున ఆ లెక్క యేమి, అది ఎంతవరకు నిలుచును, శాసనము తాననుకొన్న పని చేయుచున్నదా అను మూడు విషయములను ఇక్కడ పరిశీలింతము.

ఆటవిమానములు కొత్తవి కావు. అమెరికాలో వీటి అభిమానుల సంఘము 1936లోనే ఏర్పడినది. 1981లో విమానయాన శాఖ వారికి ఒక సలహా పత్రము మాత్రము ఇచ్చి, 400 అడుగులకు మించి ఎగురవేయవద్దని కోరినది. అంతతో సరిపోయినది. కారణము తేలికగా ఊహింపవచ్చును. ఆ రోజులలో ఆటవిమానమును తేలిక కర్రతో నెలల తరబడి చేసికొనవలసి యుండెను. దానిని కూలిపోకుండ నడుపుటకు అనుభవజ్ఞుని పక్కన నిలిచి నేర్చుకొనవలసి యుండెను. ఆ నేర్పుతోపాటే జాగ్రత్తలును అబ్బెడివి.

నాలుగు రెక్కల డ్రోన్ అట్టిది కాదు. అందలి చిన్న గైరోస్కోపు యంత్రపు వంపును క్షణక్షణము కొలుచుచుండగా, ఒక మైక్రోప్రాసెసరు నాలుగు మోటార్ల వేగములను సెకనుకు వందల సార్లు సవరించుచుండును. అందువలన నిన్న కొన్నవాడు నేడు ఎగురవేయగలడు. నేర్పు మనిషి చేతినుండి యంత్రములోనికి పోయినది. దానితో గురువు అవసరము కూడ పోయినది. 2015 జనవరి 26న ఒక డ్రోన్ అమెరికా అధ్యక్షభవనపు పచ్చికలో పడినప్పుడు ఈ మార్పు అందరికిని తెలిసివచ్చినది.

ఇక లెక్క సంగతి. ఆ యేడాది నియమించిన సంఘము, 80 జౌలుల గతిజశక్తి గల వస్తువు తలపై తగిలినచో మరణించు సంభావ్యత నూటికి 30 అని తీసికొన్నది. 250 గ్రాముల డ్రోన్ మోటార్లు ఆగి పడిపోయినచో, గాలి నిరోధము వలన దాని వేగము సెకనుకు సుమారు 25 మీటర్లకు మించి పెరుగదు. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముచే గుణించిన 78 జౌలులు వచ్చును. గీత అక్కడినుండి వచ్చినదే. ఆపై సంఘము మరికొన్ని అంకెలను చేర్చినది: యంత్రము నూరు గంటల కొకసారి చెడును, చదరపు మైలునకు పదివేలమంది జనులుందురు, వారిలో ఐదవ వంతు ఆరుబయట నుందురు, డ్రోన్ వైశాల్యము చదరపు మీటరులో యాబదవ వంతు. వీటినన్నిటిని గుణించినచో రెండు కోట్ల ఎగురు గంటలకు ఒక మరణము కంటె తక్కువ యని తేలును.

80 జౌలులనగా ఎంతయో పాఠకులకు బోధపడుటకు రెండు ఉదాహరణములు చాలును. 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 140 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో దానిలో సుమారు 120 జౌలులుండును. ఒకటిన్నర కిలోల కొబ్బరికాయ పది మీటర్ల చెట్టునుండి పడినచో 147 జౌలులు. కనుక ప్రమాదము కల్పితము కాదు. అట్లని వింతయైనదియు కాదు.

ఈ లెక్క పద్ధతి మెచ్చదగినదే. దానిలో దాపరికము లేదు. ప్రతి అంకెను ఎవరైనను మార్చి చూచుకొనవచ్చును. మనవారు అట్లు మార్చి చూడవలసి యుండెను. చదరపు మైలునకు పదివేలనగా చదరపు కిలోమీటరునకు 3,860 మంది. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరునకు 18 వేల మందికి పైగా ఉన్నారు. ఈ ఒక్క అంకెను మార్చినంతనే రెండు కోట్ల గంటలు సుమారు 46 లక్షల గంటలకు దిగిపోవును. మన వీధులలో ఆరుబయట నుండు జనము ఐదవ వంతేనా అనునది మరియొక ప్రశ్న. జాతరలో, సంతలో ఈ అంకె నిలువదు. ఖాళీ పొలముపై నైనచో రెండు కిలోల డ్రోన్ కూడ ఎవరికిని హాని చేయకపోవచ్చును. గీతను బరువుమీదనే గీచి, స్థలమును మరచుటలోని లోప మిది.

రెండవ లోపము: ఈ లెక్క నేలపైనున్న మనిషిని గూర్చినదే. విమానముతో ఢీకొనుట, ఇరుగుపొరుగు ఇండ్లలోనికి కెమెరాతో తొంగిచూచుట దీనిలో లేవు. ఐనను ఆ భయములన్నిటికి ఈ ఒక్క సంఖ్యయే మందుగా వాడుకలోనికి వచ్చినది. తయారీదారులు వెంటనే గీతకు సరిపడ యంత్రములను చేసిరి. 2019లో డీజేఐ సంస్థ 249 గ్రాముల డ్రోన్‌ను విడుదల చేసి, అప్పుడు 200 గ్రాముల గీత గల జపానుకు దానినే 199 గ్రాములు చేసి పంపినది. 2022 జూనులో జపాను తన గీతను 100 గ్రాములకు దించినది. ఇది ప్రకృతి గీచిన గీత కాదని దీనివలన తెలియుచున్నది.

శాసనము కూడ తిన్నగా నడువలేదు. ఆటవిమానములపై కొత్త నిబంధనలు చేయరాదని 2012 చట్టములోనే ఉండెను. ఆ కారణముచే ఒక అభిరుచిగలవాడు వేసిన దావాలో 2017 మే 19న వాషింగ్టనులోని అప్పీలు న్యాయస్థానము వినోద డ్రోనుల నమోదును కొట్టివేసినది. అదే యేడాది డిసెంబరులో అమెరికా శాసనసభ దానిని మరల నిలబెట్టినది.

నమోదు లేని ఆ నడిమి నెలలలోనే, 2017 సెప్టెంబరు 21న, న్యూయార్కు సమీపమున ఒక వినోద డ్రోన్ సైనిక హెలికాప్టరును ఢీకొన్నది. హెలికాప్టరు క్షేమముగా దిగినది. దానిలో చిక్కిన మోటారుపై ఉన్న సంఖ్యను బట్టి, అమ్మకపు పట్టీల సహాయముతో యజమానిని కనుగొనిరి. అతడు డ్రోన్‌ను కంటికి కనబడనంత దూరము పంపినాడు. ఆ ప్రాంతమున నిషేధమున్నదని ఎరుగడు. దర్యాప్తువారు చెప్పువరకు ఢీకొన్న సంగతియే ఎరుగడు. ఇతనికి నమోదు సంఖ్య ఉన్నను ఫలితము మారెడిది కాదు. కొరవడినది తెలివిడి. ఒకప్పుడు మన పట్టణములలో సైకిలుకు మునిసిపాలిటీవారి బిళ్ల కట్టవలసి యుండెను. బిళ్ల ఉన్నంత మాత్రమున దీపము లేని సైకిలు ఎదుటివానిని గుద్దక మానలేదు.

2018 డిసెంబరులో లండను సమీపపు గాట్విక్ విమానాశ్రయము డ్రోన్ భయముతో మూతపడినది. సుమారు వేయి విమానముల ప్రయాణములు చెడిపోయినవి, దోషి దొరకలేదు. చెడు తలంపు గలవాడు పేరు నమోదు చేయించుకొనడు గదా!

అమెరికావారు ఈ అనుభవముతో రెండు సవరణలు చేసిరి. వినోదమునకు ఎగురవేయువారందరును ఒక చిన్న ఉచిత పరీక్ష ఉత్తీర్ణులు కావలెనని 2018 చట్టము విధించినది. అది 2021లో ఆరంభమైనది. ఎగురుచుండగానే డ్రోన్ తన సంఖ్యను, స్థానమును, నడుపువాని స్థానమును కూడ రేడియో తరంగములద్వారా తెలుపవలెనన్నది రెండవది. రెండవదానిలో గోప్యతకు భంగము లేకపోలేదు. మొదటిది నిస్సందేహముగా మేలైనది.

మన దేశమున 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమములు అంతకు ముందున్న చిక్కులను చాలవరకు విప్పినవి. 250 గ్రాముల లోపువి నానో, రెండు కిలోల వరకు మైక్రో అని పేర్లు పెట్టి, నానోలకును, వ్యాపారమునకు కాని మైక్రోలకును పైలట్ ధ్రువపత్రము అవసరము లేదనిరి. ఇంజనీరింగు విద్యార్థికి, సొంతముగా యంత్రము కూర్చుకొను బాలునికి ఇది గొప్ప వెసులుబాటు, దీనిని తీసివేయరాదు. కాని ధ్రువపత్రముతోపాటు పాఠము కూడ తప్పిపోయినది. ఆకుపచ్చ మండలమేదో, ఎరుపు మండలమేదో, జనసమూహముపై ఎందుకు ఎగురవేయరాదో ఆ బాలునికి ఎవరు చెప్పుదురు? నియమము మీరినచో లక్ష రూపాయల వరకు జరిమానా పడగలదు గాని, జరిమానా పాఠము చెప్పదు.

కావున ఈ విమర్శ సారాంశమిది. నమోదు తప్పుగాదు, అది చాలదు. అరగంటలో పూర్తియగు ఉచిత పాఠము, పరీక్ష తెలుగుతోసహా మన భాషలన్నిటిలో ఉండవలెను. గీతను మన జనసాంద్రతతో మరల లెక్కించి, బరువుతోపాటు స్థలమును కూడ చూడవలెను. లెక్కను అరువు తెచ్చుకొన్నవారు అందులోని అంకెలను సొంతవి చేసికొననిచో ఆ లెక్క మనలను కాపాడదు.