హాస్యభయానక విరోధము: ఒక జపాను చలనచిత్ర పరీక్ష

హాస్యమునకు భయానకము వైరి యని సాహిత్యదర్పణకారుఁడు విశ్వనాథుఁడు నిర్ణయించెను. అయినను ఈ రెంటిని గూర్చిన కృతులు లోకమున నాదరము పొందుచునే యున్నవి. అట్టిదాని నొకదానిఁ బరీక్షించి, శాస్త్రము తప్పినదో, మన యన్వయము తప్పినదో తేల్చుట యీ వ్యాసమున కుద్దేశము.

ఉయెదా షిన్‌ఇచిరో యను జపాను దర్శకుని కృతి యొకటి 2017లోఁ దొలుత ప్రదర్శింపఁబడెను. "కెమెరా నాపవలదు" అని దాని పేరున కర్థము. ఆంగ్లమున "వన్ కట్ ఆఫ్ ది డెడ్" అని ప్రసిద్ధి. వ్యయము సుమారు 30 లక్షల యెన్లు. నటులు పేరెన్నిక గన్నవారు కారు. 2018లోఁ గొలఁది శాలలలో మొదలై, చూచినవారి మాటచేతనే దేశమెల్ల వ్యాపించి, 300 కోట్ల యెన్లకుఁ బైగా నార్జించెను.

పాడుపడిన నీటిశుద్ధి కర్మాగారమునఁ జిత్రము తీయుచున్న వారిపై నిజమైన నడపీనుఁగులు పడుట మొదటి భాగము. ఇది 37 నిమిషములు, ఎచ్చటను తెగని యొకే తీఁత. ఇందు సంభాషణల నడుమ నకారణ మౌనములు గలవు. ఒకఁడు హేతువు లేకయే తలుపు తీసికొని పోవును. కెమెరా నేలఁబడి కదలకుండును. అపక్వకృతి యని నేనును దలఁచితిని.

పిదపఁ గథ వెనుకకుఁ బోయి, హిగురాషి యను దర్శకుఁడు దీనిని ప్రత్యక్షప్రసారముగా నొకే తీఁతలోఁ జూపుట కొప్పుకొనిన విధమును, వాని సంసారమును దెలుపును. మూఁడవ భాగమున నా సంఘటనమే కెమెరా వెనుకనుండి కానవచ్చును. ఒక నటుఁడు త్రాగి పడుట, ధ్వనిగ్రాహకునికిఁ గడుపు చెడుట, ఛాయాగ్రాహకునికి నడుము పట్టుట మొదలగునవి మొదటి దోషములకు హేతువులుగాఁ దేలును. నాఁడు వెగటైనదే నేఁడు నవ్వించును.

ఇట విప్రతిషేధమునఁ బరకార్యము బలీయ మను పాణినీయ మర్యాదచే హాస్యము గెలిచినదని కొందఱనవచ్చును. అది పొసఁగదు. ఆ మర్యాద తుల్యబలములకే చెల్లును. ఇందలి భయము పరిపోషము నొందలేదు, భావమాత్రమై నిలిచినది. నిండుగాఁ బండిన భయానకమైనచో నీ నవ్వు పుట్టదు. కావున విశ్వనాథుని నిర్ణయమునకు భంగము లేదు.

మఱియు నిరంతరముగాఁ జేరిన విరుద్ధరసముల నడుమ వేఱొక రసమును నిలుపుట పరిహారమని యానందవర్ధనుఁడు చెప్పెను. నడుమనున్న గృహకథ యీ పనిని జేయుచున్నది. అది మందముగా నడచుట నిజమే. కాని దానిని దీసివైచినచోఁ దండ్రి పంతము మనకుఁ దెలియదు, నవ్వు వట్టి యెగతాళి యగును.

కడపట, పైనుండి చిత్రించు యంత్రము విఱుగఁగా, అందఱు నొకరిపై నొకరెక్కి గోపురమై నిలుతురు. ఆ యెత్తునుండి తుదిదృశ్యము తీయఁబడును. మనము నవ్వుచునే వారి యుత్సాహమునకుఁ దలవంతుము. ఉత్సాహము వీరమునకు స్థాయి. హాస్యమునకు శత్రువు గాదు. ఈ కృతి బలమంతయు నిచ్చటనే యున్నది.

దోషములలోఁ గొన్ని యనిత్యములనియు, సందర్భవశమున గుణములగుననియు మనము బడులలోఁ జెప్పుచునే యుందుము. అయినను బాలుని పద్యమున యతి తప్పఁగానే యెఱ్ఱసిరా యెత్తుదుము. తుదిదాఁకఁ జదువక దోషనిర్ణయము చేయరాదని యీ స్వల్పవ్యయ చిత్రము నాకు మఱల నేర్పినది.