ఇంకా కాలేదా?

మొన్న మంగళవారం రాత్రంతా మా మేనకోడలి తొలికాన్పు కోసం సర్కారు దవాఖానాలో ఉన్నాను. తెల్లవారేలోపు నా ఫోన్ పదకొండుసార్లు మోగింది. ఎవరు చేసినా అడిగింది ఒక్కటే: ‘ఇంకా కాలేదా?’

ఈ మాట మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆవకాయ ఊరకముందే జాడీ మూత తీసేవాళ్ల గురించి, బడిలో వేసిన నెలకే పిల్లాడు వాక్యాలు రాయాలనేవాళ్ల గురించి ఇదివరకే రాశాను. కానీ నొప్పులు పడుతున్న పిల్ల తల దగ్గర కూర్చుని వింటే ఆ మాట ఇంకోలా తగులుతుంది. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ పిల్ల నా ముఖంలోకి చూసేది, తానేదో తప్పు చేస్తున్నట్టు.

మా తమ్ముడు పుట్టిన రాత్రి నాకు ఏడేళ్లు. మంత్రసాని అవ్వ మంగలివాళ్ల ఇంటి మనిషి. వస్తూనే అమ్మ నడుముకు గోరువెచ్చని ఆముదం రాసింది. కాసేపు వాకిట్లో నడిపించింది. దూలానికి పాత చీర కట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకుని వంగమంది. నొప్పికీ నొప్పికీ మధ్య అమ్మ కునుకు తీస్తే ఎవరినీ లేపనివ్వలేదు. ‘పండనియ్యుండ్రి, లోపలి బిడ్డ కూడ అలిసింది’ అంది. మా నాయనమ్మ రెండుసార్లు తలుపు తోసి అడగబోతే, ఒకసారి గంజికి, ఒకసారి వేడినీళ్లకు పంపింది. కోడి కూసే వేళకు తమ్ముడు పుట్టాడు. అవ్వకు చాటెడు బియ్యం, ఒక పాత చీర ఇచ్చారు. ఆ రాత్రి మా ఇంటి లోపలి గదిలో ఆమె మాటకు ఎదురు లేదు. పురుడు వెళ్లాక మళ్లీ అరుగు కిందే నిలబడింది. అప్పుడు తెలియలేదు, ఇప్పుడు గుచ్చుకుంటోంది.

ఏళ్ల తరబడి ఆ అవ్వను తలుచుకునే, డాక్టర్లది తొందర, పాతవాళ్లది ఓపిక అని వాదించాను. అందుకు ఆధారాలూ ఉన్నాయి. 1950ల్లో అమెరికా డాక్టర్ ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ కాన్పులు సాగే తీరును గీతలుగా గీశాడు. అక్కడి నుంచే గర్భాశయ ద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న కొలత పాతుకుపోయింది. తల్లీబిడ్డా బాగున్నప్పుడు, ఆ లెక్క ప్రకారం సాగలేదన్న ఒక్క కారణంతో సూదులూ కత్తెరలూ వద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 5 సెంటీమీటర్ల దాకా నెమ్మదిగా ఉండటం సహజమేనంది. ఇక్కడేమో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ప్రైవేటులో 81.5 శాతం. ముహూర్తం పెట్టించుకుని మరీ ఆపరేషన్‌కు వెళ్లే ఇళ్లు నా బంధువుల్లోనే ఉన్నాయి.

అయితే అవ్వ గురించి నేను ఎప్పుడూ దాటేసే సంగతి ఒకటుంది. పక్కింటి కోడలి కాన్పుకు వెళ్లిన గంటలోపే బయటికి పరుగెత్తుకొచ్చింది. ఉమ్మనీరు పచ్చగా దిగిందట. ‘బండి కట్టుండ్రి’ అని వీధి అంతా వినబడేలా అరిచింది. ఎడ్లబండి మీద రోడ్డుదాకా, అక్కడి నుంచి బస్సులో పట్నం. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

మంగళవారం రాత్రి ఆ అవ్వ నాకు ఒక మిడ్‌వైఫ్‌లో కనిపించింది. కరీంనగర్‌లో 2017లో మొదలైన 18 నెలల శిక్షణతో సర్కారు దవాఖానాలకు ఇలాంటి నర్సులు వస్తున్నారు. మా పిల్లను బంతి మీద కూర్చోబెట్టింది, నడిపించింది, నడుం నొక్కింది. అరగంటకోసారి, నొప్పులు ముదిరాక పావుగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విన్నది. గదిలో ఇంకో ముగ్గురున్నారు. పావుగంటకు నలుగురంటే గంటకు 16 సార్లు వినాలి. మధ్యలో నీళ్లు పట్టాలి, చీటీలు రాయాలి, భయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పాలి. రాత్రి రెండింటికి ఆమె ఇంకా ఏమీ తినలేదు. ఇన్నాళ్లూ ఓపికను మనిషి స్వభావమే అనుకున్నాను. ఆరుగురిని ఒక్క నర్సుకు అప్పగిస్తే, ఎంత మంచి మనసైనా నొప్పుల సూది వైపే చెయ్యి పోతుంది. కాన్పుగదిలో ఎంతమంది పనిచేస్తున్నారో అడగకుండా ఇన్నేళ్లూ వాళ్లను తిట్టాను. అది అన్యాయం.

నాలుగు దాటాక బిడ్డ గుండె మందగించింది. పిల్లను ఎడమపక్కకు తిప్పి మళ్లీ విన్నది. మళ్లీ అంతే. అంతసేపూ నిదానంగా ఉన్న మనిషి ఒక్క నిమిషం ఆగకుండా డాక్టరమ్మను పిలిచింది. మా పిల్ల చెయ్యి వదలకుండా ఆపరేషన్ గదిలోకి తనూ నడిచింది.

ఆరింటికి ఫోన్ మోగింది.

‘అయిందా?’

‘అయింది. ఆడపిల్ల.’

‘నార్మలేనా?’

నేనూ ఎంతమందిని ఇలాగే అడిగానో.

‘పిల్ల పాలు తాగింది. తల్లి నిద్రపోతోంది’ అన్నాను.