మరల మరల పూయు నాచుగులాబి

నాచుగులాబి మొగ్గను వ్రేళ్ల నడుమ నొకసారి మెల్లగా నలిపినవాడు దానిని సులభముగా మరువలేడు. రక్షకపత్రములపైనను తొడిమపైనను పచ్చని నూగువలె దట్టముగా నల్లుకొనిన గ్రంథులనుండి యూరు సన్నని జిగురు చేతికంటుకొని, దేవదారు బంక వాసనను చాలసేపటివరకు విడువదు. శతపత్రగులాబి కొమ్మ యొకటి తనంత తాను మారుటచే ఐరోపాలో పుట్టిన యీ వింతను పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు పెంపకందారులు నెత్తిన బెట్టుకొనిరి. కాని యేటికొక్కమారు, వేసవి తొలినాళ్లలో కొన్ని వారములు విరగబూచి, తక్కిన కాలమంతయు వట్టి పొదయై నిలుచుట దాని స్వభావము. 1854లో వెలువడిన 'సాలే' వంటివి మరల పూయునుగాని వానిపై నాచు పలుచన. నావంటివానికి దానితో తృప్తి కలుగదు.

దట్టమైన నాచు, మరల పూయుట యను ఈ రెండు గుణములను నొక్క మొక్కకు గూర్చుటలో చిక్కేమనగా, నాచు బహిర్గతగుణము, తల్లిదండ్రులలో నొక్కరికున్నను సంతతిలో కొన్నింటికి దక్కును. చీనా గులాబీలనుండి వచ్చిన మరుపూతయో, ఉభయపక్షములనుండియు సంక్రమించిననే గాని బయటపడదు. కావున తొలితరపు మొక్కలు నాచు దాల్చియు ఏడాదికొక్కమారే పూయును. ఆ తొలిపూతకైనను రెండు మూడేండ్లు వేచియుండవలెను. మరుపూత గల మొలక మాత్రము గింజ పగిలిన కొన్ని వారములకే, జానెడైన నెదుగకముందే, మొగ్గ తొడుగును.

కాలిఫోర్నియాలోని వైసేలియాలో సెకోయా నర్సరీ నడపిన రాల్ఫ్ మూర్ (1907–2009) సాహసము నాకిచ్చటనే గోచరించును. విప్పారబోవు మొగ్గ రేకులు వలిచి, పరాగము రాలకముందే కేసరములను పట్టుకారుతో తీసివేసి, కీలాగ్రముపై మరియొక పూవు పుప్పొడి నద్దుట ఓర్పుగల వారెవరైనను నేర్వదగిన పనియే. మరల పూయు గులాబి 'పినోకియో'ను 1855 నాటి ఊదారంగు నాచుగులాబి 'విలియం లాబ్'తో సంకరించి, పైకి నిష్ఫలముగా దోచు ఆ సంతానమును పారవేయక, తన సొంత చిట్టిగులాబి 'న్యూ పెన్నీ'తో మరల కలుపుటకు వేరొక దృష్టి కావలెను. 1969లో 'ఫెయిరీ మాస్' అట్లు వెలువడినది. దాని సంతతిలోనిదే 1975 నాటి 'డ్రెస్డెన్ డాల్', కుండీలో నొదిగి, నాచుమొగ్గలతో విడతలు విడతలుగా లేత గులాబిరంగున పూచునది.

ముద్దులొలుకు పువ్వే, కాదనను. అయినను ఆరేడడుగులకు పైబడి యెగబ్రాకు లాబ్ ఠీవి యీ చిట్టిపొదలో కానరాదు. ఆ ఎత్తుకొరకు దానిని మరల లాబ్‌తోనే కలిపినచో, పుట్టిన మొక్కలలో మరుపూత మరల మరుగున పడును, ఇంకొక తరము వేచియుండవలసినదే.