శివారు కంప్యూటర్

గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం నుంచి మళ్ళీ నీళ్ళు వదిలేలోగా పూడిక తీయాలి, తూములు బాగుచేయాలి, లాకుల తలుపులు చూసుకోవాలి. పని ఎలా జరిగిందో హెడ్ దగ్గర నిలబడితే తెలియదు. శివారు చేలోకి నీరు ఎక్కిందా లేదా అన్నదే లెక్క. అమలాపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబులు, నెట్‌వర్కు చూసుకునే మాకూ అలాంటి రోజులే ఇవి. పరీక్షలు ముగిసి కొత్త సెమిస్టర్ మొదలయ్యేలోగా ల్యాబు సిద్ధం కావాలి. మా శివారు ఏదంటే, చివరి వరుసలో గోడవార ఉండే కంప్యూటర్.

ఆ సీటు హాజరుపట్టీలో ఆఖరున పేరున్న పిల్లకి వస్తుంది. లంకలో ఇల్లు, పొద్దున్నే పంటు దాటి, ఆటో పట్టుకుని వస్తుంది. కాకినాడ జేఎన్‌టీయూ సిలబస్‌లో మొదటి ఏడాదే ఐటీ వర్క్‌షాప్ ఉంది, సీపీయూ విప్పి బిగించడం నేర్పుతారు. కానీ ఫోన్ అందరి చేతుల్లో ఉన్నా, కీబోర్డు మొదటిసారి మా ల్యాబులోనే ముట్టుకునేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. అలాంటి పిల్ల ముందు తెర ఆగిపోతే మెషీను పాతదనుకోదు, తనవల్లే పాడైందనుకుంటుంది. ‘నేనేం చెయ్యలేదండి’ అంటూ చేతులు ఒళ్ళో పెట్టేసుకుంటుంది. మళ్ళీ ధైర్యంగా ఆ చేతులు పైకి రావడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజు మెషీన్లన్నీ లేవాలని పట్టుబడతాను.

మాకు సముద్రం దగ్గర. ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు చిలుమెక్కుతాయి. పెన్సిల్ రబ్బరుతో సుతారంగా తుడిచి మళ్ళీ గుచ్చితే చాలావరకు లేస్తాయి. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో బల్లి గుడ్లు, చీమల పుట్టలు మామూలే. ఎర్తింగ్ గుంట వేసవికి ఎండిపోతుంది. నీళ్ళు పోసి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మీటరు పెట్టి చూడాలి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా మెషీన్లు ఆన్ చేయకూడదు. తొలకరి ఉరుములు ఎంతో దూరంలో ఉండవు.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేది మదర్‌బోర్డు మీది బిళ్ళ సెల్లు, సీఆర్2032. మూడు వోల్టులది. సెలవుల్లో మెయిన్ ఆపేస్తే గడియారాన్ని నడిపేది అదొక్కటే. అది అయిపోతే తారీఖు ఏ 2015 జనవరికో వెళ్ళిపోతుంది. మెషీను లేస్తుంది, లాగిన్ అవుతుంది, బ్రౌజర్ మాత్రం ఏ సైటు తెరిచినా సురక్షితం కాదని ఎర్రగా చూపిస్తుంది. వెబ్‌సైటు సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. 2015లో ఉన్నాననుకునే కంప్యూటర్ లెక్కన ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. కుర్రాళ్ళు నెట్ పోయిందంటారు, కేబుల్ మారుస్తారు, స్విచ్చి ఆపి వేస్తారు. తెర మూలనున్న తారీఖు ఎవరికీ కనపడదు. అందుకే పాత ల్యాబుల్లో సెల్లులు ఆగిపోయేదాకా చూడకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తాం.

సాఫ్ట్‌వేర్ పని దీనికన్నా తేలిక. ఒక మెషీన్‌ను సిద్ధం చేసుకుని, క్లోన్‌జిల్లాతో దాని ఇమేజ్‌ను మిగతావాటికి దింపి, పేర్లు మార్చుకుంటూ పోవడమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది, పాత ప్రాసెసర్లు 11కి పనికిరావు. వాటిమీద ఉబుంటు వేయడమే మంచిదని నా గట్టి నమ్మకం. సీ, పైథాన్ నేర్చుకోవడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

అయితే ఇమేజ్ దిగింది కదా అని సంతకం పెట్టేయకూడదు. అడ్మిన్ ఐడీతో అన్నీ పనిచేస్తాయి, మనల్ని మోసం చేసేది అదే. స్టూడెంట్ ఐడీతో చూస్తే కంపైలర్ ఉంటుంది, ఫైలు సేవ్ చేయడానికి ఫోల్డర్‌లో అనుమతి ఉండదు. కాబట్టి స్టూడెంట్‌గా లాగిన్ అవ్వాలి. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి, సేవ్ చేసి, నడిపి, ప్రింటు ఇచ్చి, లాగౌటై మళ్ళీ లోపలికి వచ్చి ఫైలుందో లేదో చూడాలి. ఇదంతా కుర్చీలో కూర్చునే చేయాలి. నిలబడి చేస్తే విరిగిన కుర్చీ, ఇరుక్కున్న ఎంటర్ కీ తెలియవు.

నెట్‌వర్కు తొలివారంలో కుప్పకూలేది ఎక్కువగా అడ్రసులు చాలకే. మామూలుగా వేసే 255.255.255.0 మాస్కుతో దొరికేవి 254 అడ్రసులు. కొత్త బ్యాచ్ ఫోన్లు వైఫైలోకి రాగానే అయిపోతాయి. విండోస్ సర్వర్ సెట్టింగు మార్చకుండా వదిలేస్తే ఒక్కో అడ్రసును ఎనిమిది రోజులకు ఇచ్చేస్తుంది. ఫోన్ ఇంటికెళ్ళిపోయినా అడ్రసు దాని పేరునే ఉంటుంది. ఫోన్లకు వేరే వీలాన్ పెట్టి, గడువు రెండు గంటలకు తగ్గిస్తే ల్యాబు బతుకుతుంది.

బయటి లైను మాత్రం మన చేతిలో లేదు. ఏపీ ఫైబర్‌నెట్ సహా ఇక్కడి ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీద, కొబ్బరితోటల మధ్యనుంచి వస్తుంది. ఈదురుగాలికి ఓ మట్ట పడితే చాలు. రెండు కంపెనీల లైన్లు తీసుకుని నిశ్చింతగా ఉంటారు కొందరు. రెండూ ఒకే స్తంభం మీద వస్తున్నాయేమో వీధిలోకి వెళ్ళి తల పైకెత్తి చూసుకోవాలి. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో ఇంటర్నెట్టే రోజుల తరబడి ఆపేశారు, ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ పొలిమేరలకు పోయారు. ప్యాకేజీలు, పైథాన్ లైబ్రరీలు, మాన్యువళ్ళు, పాఠాల వీడియోలు కాలేజీ సర్వర్‌లోనే ఒక ప్రతి ఉండాలని నేను వాదించేది అందుకే. నెట్ లేని రోజున కూడా ప్రాక్టికల్ పరీక్ష జరగాలి. ఓ పెద్ద హార్డ్‌డిస్కు, ఓ పాత సర్వరు ఉంటే చాలు, లక్షలు అక్కర్లేదు.

కావలసింది వ్యవధి. శనివారం దాకా ల్యాబు పరీక్షలు పెట్టి సోమవారం కొత్త బ్యాచ్‌ను కూర్చోబెడితే ముందు వరుసలే సిద్ధమవుతాయి. అకడమిక్ క్యాలెండర్ వేసే ప్రిన్సిపాల్‌గార్లు పరీక్షలకీ క్లాసులకీ మధ్య పది పనిదినాలు ల్యాబుల పేరున రాసి, ఆ రోజుల్లో ల్యాబ్ అసిస్టెంట్లను అడ్మిషన్ల కౌంటర్లకు పంపకుండా ఉంటే, చివరి వరుస దాకా మేం చూసుకుంటాం.