వ్యూహక్రీడలు – కథాసంవిధానము

నెల్లూరునకు ఎగువన పెన్నానది ఒడ్డున సంగం అను ఊరు గలదు. వేసవిలో నది సన్నగిల్లినప్పుడు అట్టి ఇసుకతిన్నెలపై పిల్లలు పిచ్చుకగూళ్ళు కట్టుకొందురు. పాదముపై తడియిసుకను కప్పి, తట్టి, మెల్లగా పాదమును వెనుకకు తీసినచో గూడు నిలుచును. ఈ ఆటకు గెలుపు లేదు, ఓటమి లేదు, ముగింపును లేదు. ఒకడు కోట కట్టును. మఱియొకడు కాలువ త్రవ్వును. కాని ఇసుకకు తన నియమములు తనకు గలవు. తడి ఎక్కువైనను, తక్కువైనను గూడు కూలును.

కంప్యూటరుపై ఆడు ఆటలలో ఈ జాతివి కొన్ని గలవు. వీనిని శాండ్‌బాక్స్ వ్యూహక్రీడలందురు. ఒక దేశపటము, కొంత ధాన్యము, కఱ్ఱ, బంగారము, కొందఱు ప్రజలు ఆటగాని వశమందుండును. రాజ్యమును ఎట్లు పెంచవలెనో అతడే నిర్ణయించుకొనును. ఆట తయారుచేయువారు అంతటితో ఆగక దానికి కథలను గూడ జోడింతురు. అంకములవారీగా ఆడవలసిన కథను ‘దండయాత్ర’ అనవచ్చును. మూలక్రీడ వెలువడిన పిమ్మట క్రొత్త రాజ్యములను, క్రొత్త నియమములను చేర్చి వేఱుగా అమ్ము భాగమును ‘అనుబంధము’ అనవచ్చును.

చిక్కు ఇచ్చటనే గలదు. కథకు వరుస కావలెను. ఇసుకగూటికి స్వేచ్ఛ కావలెను. ఈ రెంటికి పొత్తు ఎట్లు కుదురును? దీనికి పోలిక సంగం వద్దనే యున్నది. 19వ శతాబ్దమున అచ్చట పెన్నపై కట్టిన ఆనకట్ట నీటిని పుట్టింపలేదు. ఉన్న నీటి మట్టమును పెంచి కనిగిరి జలాశయము వైపునకు మళ్ళించినది. తలుపులతో గూడిన క్రొత్త బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. మంచి దండయాత్ర కథయు ఇట్టి కట్టడమే. ఆటలో ముందే పాఱుచున్న శక్తులను అది మళ్ళింపవలెను. ప్రవాహము లేనిచోట కట్టిన ఆనకట్ట వట్టి గోడ. భారతదేశమును విషయముగా గొన్న కొన్ని ప్రసిద్ధ క్రీడలను ఈ కొలతతో పరీక్షింపవచ్చును.

కథను నడుపు యంత్రాంగము

కంప్యూటరునకు కథ తెలియదు. దానికి తెలిసినవి నిబంధన, ఫలితము అను రెండే. “శత్రువు కోట కూలినచో తరువాతి అంకమును తెఱువుము”, “పది నిమిషములు గడచినచో ఉత్తరపు కనుమనుండి సేనను పంపుము” – ఇట్టి ఆజ్ఞల వరుసయే కథ. 1999లో వెలువడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ క్రీడలో ఈ ఆజ్ఞలను కూర్చు పరికరము ఆటగాండ్రకును లభించినది. నాటినుండి వేలకొలది యువకులు తమ కథలను తామే అల్లుకొనుచున్నారు.

కథకు కొమ్మలు పెంచినచో స్వేచ్ఛ కలుగునని తోచును. కాని లెక్క వేసి చూడవలెను. కథలో 5 చోట్ల రెండేసి దారులున్నచో ముగింపులు 32 అగును. 10 చోట్ల ఉన్నచో 1,024 అగును. అన్నింటికి పటములు, సంభాషణలు సిద్ధపఱచుట ఏ సంస్థకును సాధ్యము కాదు. కావున విడిన కొమ్మలను మఱల ఒకచోట కలిపివేయుదురు. ఆటగాడు ఏ దారిని పోయినను అదే యుద్ధరంగమునకు చేరును. స్వేచ్ఛ యున్నట్లు కనబడును గాని యుండదు.

రెండవ పద్ధతి సంభావ్యత. ‘క్రూసేడర్ కింగ్స్’ వంటి ఆటలలో ఒక్కొక్క ఘటనకు ఒక కాలప్రమాణముండును. అది 100 నెలలైనచో, 100 నెలలు గడచుసరికి ఆ ఘటన జరిగియుండు అవకాశము సగము. 200 నెలలకు ముప్పాతిక. రేడియోధార్మిక పదార్థముల అర్ధాయువును చదివిన విద్యార్థికి ఈ లెక్క క్రొత్తది కాదు. పరిస్థితులనుబట్టి ఆ ప్రమాణము పెరుగును, తఱుగును. ఇచ్చట రచయిత ఘటనను వ్రాయునే గాని దాని ముహూర్తమును వ్రాయడు.

మూడవ పద్ధతి 2018లో పూర్తిరూపమున వెలువడిన ‘రిమ్‌వరల్డ్’లో గలదు. అందు ‘కథకుడు’ అను యంత్రాంగము ఆటగాని స్థావరమందలి సంపదను, జనసంఖ్యను లెక్కించి దాడుల బలమును నిర్ణయించును. సంపద పెరిగినకొలది దోపిడిమూక పెద్దదగును. ఇది చతురమైన ఏర్పాటు. కాని తెలివిగల ఆటగాడు కొంతకాలమునకే అవసరమునకు మించి కూడబెట్టుట మానివేయును! కథ కొఱకు పెట్టిన నియమమును అతడు ప్రకృతి నియమముగానే గ్రహించి, దానికి తగినట్లు జీవించును. కథారచయితలు మఱువరాని విషయమిది.

ద్రావిడులు అను మూస

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ క్రీడకు ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అను అనుబంధము 2022 ఏప్రిల్ 28న వెలువడినది. అంతకుముందు, 2013 మొదలుకొని, భారతదేశమంతయు అందు ఒకే వర్గముగా నుండెను. ఈ అనుబంధము దానిని హిందుస్థానీలు, వంగీయులు, ద్రావిడులు, గుర్జరులు అని నాలుగు చేసినది. బాబరు, రాజేంద్రచోళుడు, దేవపాలుడు అను మువ్వురి దండయాత్రలను చేర్చినది. ఇది మెచ్చదగిన ముందడుగు.

ద్రావిడవర్గమునకు ఓడలు, కాల్బలము, ఏనుగులు బలము, గుఱ్ఱపుదళము బలహీనము. రాజేంద్రుని విషయమున ఈ కూర్పు చక్కగా పొసగినది. 1025లో సముద్రము దాటి శ్రీవిజయముపై దాడి చేసిన రాజు కథకు ఓడల బలమే ఊపిరి. ఆటలోని శక్తి, చరిత్రలోని శక్తి ఒకేవైపునకు పాఱుచున్నవి. ఇచ్చట ఆనకట్ట తగిన తావుననే లేచినది.

ఆ మూసనే కాకతీయులకు తొడిగినప్పుడు లోపము బయటపడును. 1310లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనానికి కప్పముగా ఏనుగులతోపాటు గుఱ్ఱములను గూడ ఇచ్చెను. గుఱ్ఱములకు కొదువయైన రాజ్యము గుఱ్ఱములను కప్పముగా ఈయగలదా? రామప్ప, పాకాల చెఱువులు ఓరుగల్లు రాజ్యమునకు ఆయువుపట్లు. ఆటలో చెఱువునకు తావే లేదు. పొలము నీటిని కోరకయే పండును. వింత యేమనగా, ద్రావిడవర్గమునకు మాత్రమే దక్కిన విద్యలలో ‘వూట్జ్ ఉక్కు’ ఒకటి. ఆ ఉక్కునకు పేరుమోసిన తావులలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ముఖ్యము. తెలుగువారి ఉక్కు ఆటలోనికి వచ్చినది. ఆ ఉక్కును కరగించిన వారి రాజ్యము పేరు మాత్రము రాలేదు.

‘ద్రావిడ’ అను మాటను ఒక భాషాకుటుంబమునకు పేరుగా విరివిగా ప్రచారము చేసినది 1856లో వెలువడిన కాల్డ్‌వెల్ వ్యాకరణము. భాషాశాస్త్రజ్ఞుని వర్గీకరణమును మధ్యయుగపు రాజ్యమునకు పేరుగా పెట్టుట, గోధుమ, వరి, చెఱకు ఒకే కుటుంబమునకు చెందినవి గనుక మూడింటికి ఒకే సాగుపద్ధతి చాలుననుట వంటిది. ప్రతి రాజవంశమునకు వేఱు వర్గమును కల్పించుట వ్యయసాధ్యము. ఆ మాట నిజమే. కాని ఆటలో నేర్చిన పేరును చరిత్రలోని పేరుగా నమ్ము బాలురు గలరు. ఆ బాధ్యత తయారుచేసినవారిని విడువదు.

వేంగి పెండ్లిండ్లు చెప్పు పాఠము

రాజేంద్రచోళుని తోబుట్టువు కుందవ్వను వేంగి చాళుక్యుడైన విమలాదిత్యుడు పెండ్లాడెను. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. నన్నయను ఆదరించిన రాజు ఇతడే. ఇతడు రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవిని చేపట్టెను. వీరి కుమారుడు 1070లో కులోత్తుంగుడను పేరుతో చోళసింహాసనము నెక్కెను. మూడు తరములలో రెండు పెండ్లిండ్లు రెండు రాజ్యముల వారసత్వమును ఒకటి చేసినవి.

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో పెండ్లికి నియమము లేదు. కావున ఇట్టి విషయమును యుద్ధమునకు యుద్ధమునకు నడుమ ఎవరో చెప్పవలెను, ఆటగాడు వినవలెను. 2014 మార్చిలో ‘క్రూసేడర్ కింగ్స్’ రెండవ క్రీడకు వచ్చిన ‘రాజాస్ ఆఫ్ ఇండియా’ అను అనుబంధమునందు స్థితి వేఱు. ఆ క్రీడకు మూలమే వివాహము, సంతానము, వారసత్వము. ఈ నియమములనుండి వేంగి–చోళ కథ వంటిది తనంతట తాను పుట్టవచ్చును. రచయిత ఒక్క వాక్యము వ్రాయనక్కఱలేదు. ఇసుకగూటి ఆటకు తగిన కథ ఇదియే: వ్రాసిన కథ కాదు, పండిన కథ.

అయినను ఆ అనుబంధమును దోషరహితమనరాదు. ఐరోపా ప్రభువులకు, వారి సామంతులకు కల్పించిన చట్రమునే భారతదేశముపై పఱచిరి. కాకతీయుల నాయంకరమునందు నాయకుడు రాజునకు సేనను పోషించుటకై భూముల ఆదాయమును అనుభవించెడివాడు. ఈ సంబంధము ఐరోపా ప్రభుత్వముతో సరిగా ఒదుగదు. ఏ అనుబంధమునకైనను ఒక సులభపరీక్ష గలదు. పేర్లన్నియు మార్చి చూడవలెను. పేర్లు మార్చినను ఆట మాఱనిచో, వచ్చినది క్రొత్త దేశము కాదు, క్రొత్త రంగు మాత్రమే.

‘యూరోపా యూనివర్సాలిస్’ నాలుగవ క్రీడలో 2018నుండి లక్ష్యముల వృక్షమను ఏర్పాటు గలదు. ఫలానా రాష్ట్రమును గెలిచినచో ఫలానా ఫలము లభించునని అందు ముందే వ్రాసియుండును. క్రొత్తగా నేర్చువానికి ఇది దారి చూపును. కాని ఆరితేరినవాడు పటమును చూచుట మాని జాబితాను చూచును. నది యుండగనే గోడ కట్టిన చందమిది.

పుల్లరి కథ

పై కొలతకు చక్కగా నిలువగల కథ నెల్లూరు సీమలోనే యున్నది. కాటమరాజు కథ 13వ శతాబ్దపు నెల్లూరు చోడుల కాలమునకు చెందినదని ప్రసిద్ధి. కఱవువలన కాటమరాజు తన ఆలమందలను దక్షిణమునకు తోలుకొని వచ్చి, నెల్లూరేలు నల్లసిద్ధి పచ్చికబీళ్ళలో మేపెను. మేత కొఱకు చెల్లించు పన్నే పుల్లరి. పుట్టిన కోడెదూడలను రాజునకిచ్చునట్లు ఒడంబడిక. పిదప రాచవారి చిలుకను గొల్లలు చంపుట, ప్రతిగా ఆవులను చంపించుట, పుల్లరి నిరాకరించుట జరిగినవని కథ. తుదకు పాలేటి ఒడ్డున పంచలింగాల వద్ద పోరు జరిగినది. నల్లసిద్ధి పక్షమున ఖడ్గతిక్కన పోరాడి మడిసెను.

దీనిని నిబంధన–ఫలితముల పద్ధతిలో కూర్చినచో చిలుక చచ్చును, యుద్ధము వచ్చును. అంతటితో కథ సరి. ఒక చిలుక కొఱకు ఇందఱు చచ్చిరా అని విద్యార్థి నవ్వును. కాని పచ్చిక లెక్కను వేసి చూడవలెను. ఊహకు, ఒక మందలో ఏటికి 400 దూడలు పుట్టుననుకొన్న, సగము కోడెలు; రాజునకు 200 చెందును. కఱవేడు ఈత 100కు పడిపోయినచో రాజునకు దక్కునవి 50. అదే యేడు రాజు పొలములును ఎండును. రాబడి తగ్గిన రాజు ఒత్తిడి చేయును. మంద తగ్గిన కాపరి ఎదురుతిరుగును. ఇరువురును దుర్మార్గులు కారు. చిలుక నిప్పురవ్వ మాత్రమే; ఎండుగడ్డి అంతకుముందే పేరుకొనియున్నది. ఘటనకు, కారణమునకు గల భేదమును ఇంతకంటె సులభముగా చూపుట కష్టము.

ఈ కథకు కావలసిన భాగములు కొన్ని ఇప్పటికే వేఱువేఱు ఆటలలో గలవు. 2007లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ మూడవ క్రీడకు వచ్చిన ‘ఆసియన్ డైనాస్టీస్’ అను అనుబంధమున భారతీయవర్గము ఆవులను కోయదు. వానిని పవిత్రక్షేత్రమున నిలిపి అనుభవమను గణన సంపాదించును. అచ్చట ఆవు పూజనీయమే గాని ఆస్తి కాదు, పన్నునకు లోబడదు. 2022 అనుబంధమునందలి గుర్జరులు పశువులను చంపక మిల్లులో నిలిపి క్రమముగా ఆహారము పొందుదురు. ఇది పాడికి ఎంతయో దగ్గఱ. కాని ఆ పశువులు మేయు గడ్డి తఱుగదు. వానికి కఱవు తగులదు. పైగా ఆ అనుబంధముతో వచ్చిన మూడు క్రొత్త దండయాత్రలలో ఒకటియు గుర్జరులది కాదు. మంచి నియమము గలదు, దానిని మళ్ళించు కథ లేదు. చేయవలసినదెల్ల గడ్డికి ఒక కొలత, వానకు ఒక సంభావ్యత, ఒడంబడికకు ఒక గడువు చేర్చుట. ఒకసారి కాటమరాజుగను, మఱియొకసారి నల్లసిద్ధిగను ఆడనిచ్చినచో ఆ అనుబంధమునకు సార్థకత కలుగును.

తరగతిలో ఈ పరీక్ష

ఈ ఆటలను విద్యార్థులు ఎట్లును ఆడుచున్నారు. వానిని నిషేధించుటకంటె ప్రశ్నించుట నేర్పుట మేలు. మూడు ప్రశ్నలు చాలును. ఈ యుద్ధము ఆటలోని కొఱతవలన వచ్చినదా, లేక రచయిత ఆజ్ఞవలన వచ్చినదా? పేర్లు మార్చినచో ఆట మాఱునా? ఓడిన పక్షమున నిలిచి ఆడుటకు వీలున్నదా?

ఇందులకు కంప్యూటరే అక్కఱలేదు. బల్లపై సుద్దతో పెన్నను గీసి, చింతపిక్కలను ఆవులుగను, గవ్వలను మేతగను పెట్టి, వానకు పాచికను వేసినచో తొమ్మిదవ తరగతి పిల్లలు పుల్లరి కథను ఒక గంటలో ఆడుకొనగలరు. పాచిక వరుసగా మూడుమార్లు కఱవు చూపినప్పుడు ఒడంబడిక నిలుచునా, తెగునా అన్నది వారే తేల్చుకొందురు. కొన్ని జట్లు యుద్ధము లేకుండగనే గట్టెక్కును. అవి గట్టెక్కినది ఏ నిర్ణయమువలననో అడిగి, నల్లబల్లపై వ్రాయించుటతో ఆ నాటి పాఠము మొదలుకావలెను.